ఉప్పు మడుల ఊళ్లో... ఉరిమే కార్లు!

పావుమైలు రోడ్డు. ఏడు సెకన్ల పరుగు. దానికోసం ఏడాది పొడవునా కూడబెట్టిన డబ్బు, నెలల తరబడి గ్యారేజీలో జాగారాలు! కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికో దీవిలో ఇదో పిచ్చి. ప్రపంచం ‘పనికిరాద’ని పక్కన పెట్టేసిన ఓ వింత ఇంజిన్‌ని ఆ దీవివాళ్లు గుండెల్లో పెట్టుకున్నారు. ఎందుకో తెలియాలంటే సలినాస్ అనే చిన్న ఊరికి వెళ్లాలి.

పచ్చలైటు వెలుగుతుంది. రెండు కార్లు కదులుతాయి. కళ్లు మూసి తెరిచేలోగా అవి అల్లంత దూరాన చుక్కల్లా కనిపిస్తాయి. వెనక మిగిలేది తెల్లటి పొగ, కాలిన రబ్బరు వాసన, చెవుల్లో హోరు. అంతే! పందెం అయిపోయింది. పట్టిన సమయం ఏడు సెకన్లు. ఈ నాలుగు మాటలు చదవడానికి అంతకన్నా ఎక్కువసేపే పడుతుంది.

దీన్ని డ్రాగ్ రేసింగ్ అంటారు. మలుపులుండవు, చుట్లు తిరగడాలుండవు. తిన్నగా పావుమైలు, అంటే 402 మీటర్లు. ఎవరు ముందు గీత దాటితే వాళ్లదే గెలుపు. అమెరికాలో పుట్టిన ఈ ఆటకు పెద్ద పెద్ద ఇంజిన్లు వాడటం రివాజు. ఎనిమిది సిలిండర్లు, ఐదారు లీటర్ల పరిమాణం... అలా ఉంటాయి అక్కడి లెక్కలు. కానీ ప్యూర్టోరికోవాళ్ల కారు బానెట్ ఎత్తి చూస్తే లోపల కనిపించేది చిన్నపాటి బిందె అంత ఇంజిన్! కాగితం మీద దాని కొలత 1,308 సీసీ. మన వీధుల్లో తిరిగే మామూలు కార్లదీ ఇంచుమించు అంతే. వాటికి 80, 90 హార్స్‌పవర్ ఉంటే, దీనికి మాత్రం వెయ్యి పైమాటే!

కొండ దిగితే ఎండ

ప్యూర్టోరికో ఓ చిన్న దీవి. విస్తీర్ణం సుమారు 9 వేల చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి చిత్తూరు జిల్లాకన్నా చిన్నది. పొడవు వంద మైళ్లు, వెడల్పు ముప్పై అయిదు. అందుకే అక్కడివాళ్లు తమ నేలను ముద్దుగా ‘వంద బై ముప్పై అయిదు’ అని చెప్పుకుంటారు. 1898లో స్పెయిన్ చేతుల్లోంచి అమెరికా చేతుల్లోకి వచ్చింది. పౌరసత్వం అమెరికాది, మాట్లాడేది స్పానిష్. ఈ రెండు సంస్కృతుల కలగలుపు రోడ్డు మీద కూడా కనిపిస్తుంది. దూరాలు చెప్పే బోర్డులు కిలోమీటర్లలో ఉంటాయి. వేగపరిమితి బోర్డులేమో మైళ్లలో! పెట్రోలు మాత్రం లీటర్లలో పోస్తారు.

రాజధాని శాన్ హువాన్ ఉత్తర తీరంలో ఉంది. అక్కణ్నుంచి 52వ నంబరు హైవే ఎక్కితే దారి దక్షిణంగా కొండలమీదికి సాగుతుంది. రెండు పక్కలా పచ్చదనం. కయే ఊరు దాటాక రోడ్డు పక్కనే ఓ తెల్లటి విగ్రహం కనిపిస్తుంది. ఓ రైతు, బిడ్డను ఎత్తుకున్న అతని భార్య. కొండల్లో సేద్యం చేసుకుని బతికిన ‘హీబరో’ల జ్ఞాపకంగా కట్టిన స్మారకమది. దాన్ని దాటగానే రోడ్డు కిందికి దిగుతుంది. దూరంగా నీలిరంగు సముద్రం కళ్లబడుతుంది. ఆశ్చర్యమేమిటంటే, ఆ దిగువకు వచ్చేసరికి పచ్చదనం మాయమైపోతుంది. ఎండిన గడ్డి, ముళ్లపొదలు, గోధుమరంగు గుట్టలు. ఈశాన్యం నుంచి వచ్చే తేమగాలిని కొండలు అడ్డుకోవడంతో వాన అవతలివైపే కురిసిపోతుంది. పడమటి కనుమల చాటున రాయలసీమ ఎండినట్టే అన్నమాట.

ఆ ఎండ నేల మీదే ఉంది సలినాస్. స్పానిష్‌లో ఆ మాటకు ఉప్పు మడులు అని అర్థం. ఒకప్పుడు ఉప్పు తీసిన తీరం కాబట్టి ఆ పేరు. తర్వాత చెరకు వచ్చింది. ఊరిని ఆనుకుని ఉన్న అగీరేలో 1899లో అమెరికా పెట్టుబడిదారులు చక్కెర మిల్లు వ్యాపారం మొదలుపెట్టారు. మిల్లుతో పాటే కూలీల ఇళ్లు, అధికారుల బంగళాలు, చెరకు మోసే రైలు... ఓ ఊరికి ఊరే వెలసింది. 1990లో మిల్లు మూతపడింది. తుప్పుపట్టిన దాని రేకుల షెడ్లు చాలాకాలం మొండిగా నిలబడి ఉన్నాయి.

ఇప్పుడు సలినాస్ పేరు చెబితే ఆ దీవివాళ్లకు రెండే గుర్తొస్తాయి. ఒకటి ‘మోహో ఇస్లెన్యో’. టమాటా, ఉల్లి, వెల్లుల్లి, ఆలివ్ కాయలు, వెనిగర్ వేసి చేసే పుల్లటి కూర. వేయించిన చేప మీద దీన్ని వేడివేడిగా పోసి వడ్డిస్తారు. పుట్టిల్లు తమ ఊరేనని సలినాస్ వాళ్లకు మహా గర్వం. రెండోది స్పీడ్‌వే. దీవి నలుమూలల నుంచీ దశాబ్దాల పాటు జనం కార్లను ట్రెయిలర్ల మీద ఎక్కించుకుని వచ్చింది ఇక్కడికే. డ్రాగ్ రేసింగ్‌కు వాన పెద్ద శత్రువు. రోడ్డు కాస్త తడిస్తే చాలు, పందెం ఆపేయాల్సిందే. చెరకుకు నీళ్లు దొరకక ఇబ్బంది పెట్టిన పొడి నేలే ఈ ఆటకు మాత్రం వరమైంది!

పిస్టన్ లేని ఇంజిన్

ఇంతకీ ఆ వింత ఇంజిన్ ఏమిటి? మామూలు ఇంజిన్‌లో పిస్టన్లు పైకీ కిందికీ రోకళ్లలా దంచుతుంటాయి. ఆ దంపుడును గుండ్రటి తిరుగుడుగా మార్చి చక్రాలకు అందిస్తారు. ‘ఏకంగా తిరిగే ఇంజినే ఉంటే ఈ రోకటి పోట్లెందుకు?’ అనుకున్నాడు జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్. ఇంజినీరింగ్ పట్టా లేదు. డ్రైవింగ్ లైసెన్సు కూడా లేదు. అయినా పట్టువదల్లేదు. ఎన్‌ఎస్‌యూ అనే కంపెనీలో 1957లో ఆయన ఆలోచన ప్రాణం పోసుకుంది. అదే రోటరీ ఇంజిన్.

మధ్యలో కాస్త నొక్కుకుపోయిన వేరుశనక్కాయను ఊహించుకోండి. అలాంటి ఆకారంలో ఓ డొల్ల. అందులో ఉబ్బిన అంచులున్న ముక్కోణపు దిమ్మ ఒకటి తిరుగుతుంటుంది. దాన్నే రోటర్ అంటారు. దాని మూడు కొనలూ ఎప్పుడూ గోడను రాసుకుంటూనే ఉంటాయి. దాంతో రోటర్‌కూ గోడకూ మధ్య మూడు గదులు ఏర్పడతాయి. రోటర్ తిరిగేకొద్దీ ఆ గదులు పెరుగుతూ, కుంచించుకుపోతూ ఉంటాయి. ఒక గది గాలీ పెట్రోలూ పీల్చుకుంటుంటే, మరోటి నొక్కుతుంటుంది, ఇంకోటి మండి పొగను బయటికి నెడుతుంటుంది. వాల్వులు లేవు. కనెక్టింగ్ రాడ్లు లేవు. రెండు రోటర్లున్న ఇంజిన్‌లో తిరిగే ముఖ్యమైన భాగాలు మూడే... ఆ రెండు రోటర్లు, వాటి మధ్యగా వెళ్లే షాఫ్టు! టిఫిన్ క్యారియర్ గిన్నెల్లా పలకల్నీ డొల్లల్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చి, పొడవాటి బోల్టులతో బిగిస్తే ఇంజిన్ తయార్.

అంతా బాగానే ఉంది కానీ, ప్రాణం మాత్రం ఆ మూడు కొనల్లోనే ఉంది. గదుల మధ్య గాలి లీకవకుండా కొనల దగ్గర సన్నటి పట్టీలు అమర్చాలి. వాటిని అపెక్స్ సీళ్లంటారు. నిమిషానికి వేలసార్లు గోడను గీసుకుంటూ తిరగాల్సింది అవే. అరిగిపోకూడదు, విరిగిపోకూడదు, గోడను గీరకూడదు. ప్రపంచంలోని పెద్దపెద్ద కంపెనీలన్నీ ఓడిపోయింది ఆ చిన్న పట్టీ దగ్గరే!

జపాన్‌లోని హిరోషిమాలో ఉన్న మాజ్డా కంపెనీ 1961లో ఎన్‌ఎస్‌యూతో ఒప్పందం చేసుకుంది. అప్పట్లో దాని పేరు టొయో కొగ్యో. కెనిచి యమమొటో నాయకత్వంలో 47 మంది ఇంజినీర్లు రంగంలోకి దిగారు. ఇంజిన్ కాసేపు తిరిగితే చాలు, లోపలి గోడ మీద అలల్లాంటి గీతలు పడేవి. ‘దెయ్యం గోళ్ల గీతలు’ అని పేరు పెట్టుకున్నారు వాటికి. కార్బన్‌కు అల్యూమినియం కలిపి చేసిన సీళ్లతో ఆ దెయ్యాన్ని వదిలించి, 1967లో ‘కాస్మో స్పోర్ట్’ కారును రోడ్డెక్కించారు.

తెగనమ్మితే... ఎగరేసుకుపోయారు

1970ల మొదట్లో మాజ్డా తన రోటరీ కార్లను అమెరికాకు పంపింది. ఆర్100, ఆర్ఎక్స్-2, ఆర్ఎక్స్-3... చూడటానికి బుల్లి కార్లు. తొక్కితే మాత్రం చిచ్చుబుడ్లు. అమెరికా భూభాగమే కాబట్టి ప్యూర్టోరికోకూ వచ్చాయి. ఇంతలో 1973 చమురు సంక్షోభం వచ్చిపడింది. రోటరీ ఇంజిన్‌కు దాహం ఎక్కువ. అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో నగర ప్రయాణంలో గ్యాలన్‌కు 11 మైళ్లు కూడా ఇవ్వలేదని తేలింది. అంటే లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు! ఇంకేముంది, అమ్మకాలు కుప్పకూలాయి. జనరల్ మోటార్స్ తన రోటరీ ప్రయత్నాలను 1974లో అటకెక్కించింది. ఎన్‌ఎస్‌యూ అయితే అంతకుముందే వారంటీ మరమ్మతులు చేసీచేసీ నష్టాలపాలై, 1969లో ఫోక్స్‌వ్యాగన్ గూటికి చేరింది.

ఎవరికీ అక్కర్లేని కారు ధర పడిపోతుంది కదా. ప్యూర్టోరికో కుర్రాళ్లకు కలిసొచ్చింది అదే. పెట్రోలు తాగుతుందని ఇంట్లో పెద్దవాళ్లు వదిలించుకున్న కార్లు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికేవి. బరువు తక్కువ. ఇంజిన్‌లో భాగాలు కొన్నే. ఇద్దరు కలిస్తే చేతులతో ఎత్తి దించేయొచ్చు. విప్పడం తేలిక, బిగించడమూ తేలికే. వాల్వులు లేవు కాబట్టి, గాలి వచ్చిపోయే రంధ్రాలను గ్రైండరుతో కాస్త పెద్దవి చేస్తే చాలు... బలం అమాంతం పెరిగేది. ఓ చిన్న గ్రైండరు, చెయ్యి తిరిగిన మనిషి, ఇంటి వెనక రేకుల షెడ్డు. మోటారు పందేల్లోకి దిగడానికి అంతకన్నా చవకైన దారి లేదు వాళ్లకు.

అలా మొదలైంది మోజు. మాజ్డా కార్లు అయిపోతే టొయోటా స్టార్లెట్, కరోలా బాడీలు తెచ్చి వాటిలో రోటరీ ఇంజిన్లు దించారు. 13బి అనే ఇంజిన్ రకం పేరు అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. పందెం కారు ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు ‘బ్రాప్... బ్రాప్... బ్రాప్’ అంటూ తడబడుతున్నట్టు శబ్దం చేస్తుంది. రంధ్రాలు పెద్దవి చేయడం వల్ల వచ్చే తడబాటు అది. కొత్తవాళ్లు విని ‘ఇంజిన్ పాడైందేమో’ అనుకుంటారు. ఆ దీవివాళ్లకు మాత్రం అది సంగీతం!

నిప్పుకు గాలి ఊదినట్టు

వెయ్యి హార్స్‌పవర్ ఎక్కణ్నుంచి వస్తుంది? కట్టెలపొయ్యి మీద వంట చేసిన ఏ అమ్మమ్మనడిగినా చెబుతుంది... గొట్టంతో గాలి ఊదితే మంట భగ్గుమంటుందని. టర్బోచార్జర్ చేసే పనీ అదే. ఇంజిన్ వదిలే వేడి పొగతో ఓ చిన్న చక్రాన్ని తిప్పుతారు. ఆ చక్రం అవతలివైపున్న మరో చక్రాన్ని తిప్పి, బయటి గాలిని నొక్కి నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. రోటరీ ఇంజిన్ పొగ మిగతా వాటికన్నా వేడిగా, ఉధృతంగా వస్తుంది. అందుకే టర్బోకీ రోటరీకీ అంత చక్కగా జోడీ కుదిరింది. పందెం కార్లలో మామూలు వాతావరణ పీడనానికి మూడు నాలుగు రెట్ల ఒత్తిడితో గాలిని కూరతారు. పెట్రోలుకు బదులు మిథనాల్ వాడతారు. అది ఆవిరవుతూ ఇంజిన్‌ను లోపలి నుంచి చల్లబరుస్తుంది. కాకపోతే ఖర్చు రెట్టింపవుతుంది.

అయితే, ఎంత గాలి కూరాలన్నదే అసలు జూదం. ఇంధనం పాళ్లు కాస్త తగ్గినా, నిప్పురవ్వ క్షణంలో వెయ్యోవంతు ముందు పడినా, మిశ్రమం మండాల్సింది పోయి పేలుతుంది. ఆ దెబ్బ తగిలేది మళ్లీ ఆ సీలుకే. దాని మందం రెండు మూడు మిల్లీమీటర్లు! అది విరిగితే ఆ ముక్క ఇంజిన్‌లోనే తిరుగుతూ రోటర్‌నూ గోడనూ గీసేస్తుంది. పోతూపోతూ టర్బో రెక్కల్నీ విరగ్గొట్టి మరీ బయటపడుతుంది. అరసెకనులో అంతా అయిపోతుంది.

కాబట్టి పందెం ముందురోజు రాత్రి గ్యారేజీలో జరిగే వాదన ఎప్పుడూ ఒకటే. ‘గాలి ఇంకాస్త పెంచుదామా, వద్దా?’ పెంచితే సెకనులో పదోవంతు కలిసి రావచ్చు. బెడిసికొడితే సంపాదించి దాచుకున్నదంతా బూడిద. పెద్ద కంపెనీల అండ ఉన్న జట్లకు వెనకాల లారీలో మరో ఇంజిన్ సిద్ధంగా ఉంటుంది. జీతం డబ్బులతో కారు కట్టుకున్నవాడికి ఉన్నది ఒక్కటే.

ఆ ఏడు సెకన్లు

డ్రాగ్ పందెంలో ముందు చక్రాలకు నీళ్లు కొడతారు. కారును అక్కడే నిలిపి వెనక చక్రాలను గిర్రున తిప్పుతారు. రబ్బరు వేడెక్కి జిగురులా మారుతుంది. తెల్లటి పొగ మేఘంలా లేస్తుంది. చూడటానికి ఆర్భాటంలా అనిపిస్తుంది కానీ, అది లేకపోతే టైరు రోడ్డును పట్టుకోదు.

తర్వాత కారు మెల్లగా గీత దగ్గరికి వస్తుంది. ఎదురుగా ఓ స్తంభానికి రంగురంగుల లైట్లు. దాన్ని ‘క్రిస్మస్ ట్రీ’ అంటారు. ముందు చక్రం సరిగ్గా గీత మీదికి రాగానే పై లైట్లు వెలుగుతాయి. రెండు కార్లూ సిద్ధమయ్యాక పసుపు లైట్లు. పెద్ద పోటీల్లో మూడు పసుపు లైట్లూ ఒక్కసారే వెలిగి, సరిగ్గా సెకనులో పదింట నాలుగు వంతులకు పచ్చలైటు పడుతుంది. అంతకుముందే కదిలితే ఎర్రలైటు. ఆట ముగిసినట్టే. ఆలస్యంగా కదిలితే మరో ప్రమాదం. ఎక్కువ వేగమున్న కారు కూడా డ్రైవరు రెప్పపాటు తటపటాయించినందుకు ఓడిపోవచ్చు. ఇంజిన్ కట్టినవాడి కష్టమంతా ఆ క్షణాన డ్రైవరు చేతిలో ఉంటుంది.

కారు ఎగిరి దూకుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. తిరగబడకుండా వెనక రెండు చిన్న చక్రాలతో ఓ దండె ఉంటుంది. గేరు... గేరు... మళ్లీ గేరు. ఏడు సెకన్లలో పావుమైలు దాటే కారు గీత దగ్గరకొచ్చేసరికి గంటకు 300 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. అప్పుడిక బ్రేకులు చాలవు. వెనక పారాచూట్ విచ్చుకుని కారును పట్టి లాగుతుంది. ఒకప్పుడు పది సెకన్లలో దాటితేనే గొప్ప. తర్వాత తొమ్మిది, ఎనిమిది, ఏడు... ఆఖరికి రెండు రోటర్ల ఇంజిన్లున్న కార్లు ఆరు సెకన్ల అంకెను కూడా చూశాయి. ఆ దారిలో అమెరికా ప్రధాన భూభాగానికి వెళ్లి పోటీపడ్డ ప్యూర్టోరికో జట్లకు పెద్ద పేరుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్లు వీళ్లకు గట్టి పోటీదారులు.

సలినాస్‌లో పందెం అంటే కార్లొక్కటే కాదు. అదో తిరునాళ్ల. తాతలు, మనవలు, చంటిపిల్లల తల్లులు అందరూ వచ్చేస్తారు. పిల్లల చెవులకు పెద్ద పెద్ద మఫ్‌లు. బొగ్గుల మీద కాల్చిన మాంసం పుల్లలు, ఉప్పుచేప కలిపిన పిండితో పలుచగా వేసే బకలాయితో బజ్జీలు. ఒక్కో కుటుంబానికి ఒక్కో వర్క్‌షాపు మీద అభిమానం. ‘మా నాన్న ఫలానా గ్యారేజీ వాళ్ల మనిషి’ అని గర్వంగా చెప్పుకుంటారు.

రోడ్డా... ట్రాకా?

ఈ మోజుకు చీకటి కోణం కూడా ఉంది. ఇంట్లో అంత జోరైన కారుంటే కుర్రాళ్ల కాళ్లు నిలుస్తాయా? అర్ధరాత్రి ఖాళీ హైవేలమీద దొంగచాటు పందేలు ఆ దీవికి పాత జబ్బే. వాటిని ‘రెగటేయో’ అంటారు. స్పానిష్‌లో ఆ మాటకు బేరమాడటం అనే అర్థం కూడా ఉంది. రోడ్డుమీద మాత్రం ఆ బేరం ప్రాణాలతో! పందెం కాస్తున్నవాళ్లే కాదు, ఇంటికి పోతున్నవాళ్లూ బలైపోయిన సందర్భాలున్నాయి. దీవి ట్రాఫిక్ చట్టం ఈ పందేలను పేరుపెట్టి మరీ నిషేధించింది.

చట్టం ఒక్కటే చాలదని అమెరికాకు ఎప్పుడో అర్థమైంది. రోడ్లమీది కుర్రాళ్లను ట్రాకుల మీదికి మళ్లించాలనే ఉద్దేశంతోనే వాలీ పార్క్స్ 1951లో కాలిఫోర్నియాలో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. ట్రాక్ మీద హెల్మెట్ ఉండాలి. కారు బోల్తాపడినా నలగకుండా లోపల ఇనుప పంజరం ఉండాలి. మంట అంటని దుస్తులుండాలి. ఆ సంఘం నియమాల ప్రకారం 150 మైళ్ల వేగం దాటే కారుకు పారాచూట్ తప్పనిసరి. తనిఖీలో ఏ ఒక్కటి లేకపోయినా వెనక్కి పంపేస్తారు. గీత అవతల అంబులెన్సు ఆగి ఉంటుంది. సలినాస్ లాంటి ట్రాక్ విలువ అక్కడుంది. కుర్రాడి చేతిలోంచి తాళాలు లాక్కోలేని తల్లి, కనీసం ‘పోటీపడితే అక్కడే పడు’ అని చెప్పడానికి ఓ చోటు ఉండాలి కదా!

దీపం కింద చీకటి

2017 సెప్టెంబరు 20. మరియా తుపాను దీవిని అడ్డంగా చీల్చుకుంటూ పోయింది. కరెంటు స్తంభాలు నేలకూలాయి. దీవి మొత్తం చీకటైపోయింది. అందరికీ మళ్లీ కరెంటు రావడానికి దాదాపు 11 నెలలు పట్టింది. విచిత్రమేమిటంటే, దీవిలోని అతిపెద్ద విద్యుత్ కేంద్రాల్లో ఒకటి సలినాస్ శివార్లలోని అగీరేలోనే ఉంది. దక్షిణాన తయారైన కరెంటును కొండలమీదుగా ఉత్తరానికి తీసుకెళ్లే తీగలే తెగిపోయాయి. 2022 సెప్టెంబరులో ఫియోనా తుపాను వచ్చినప్పుడు సలినాస్‌నే వరద ముంచెత్తింది. ఎప్పుడూ వాన మొహం చూడని ఊళ్లో జనాన్ని ఇళ్లలోంచి బయటకు చేర్చాల్సి వచ్చింది.

తుపాన్లకు ముందే అప్పుల భారంతో 2017లో ప్రభుత్వం దివాలా ప్రక్రియకు వెళ్లింది. ఉద్యోగాల్లేవు. 2010లో 37 లక్షలున్న దీవి జనాభా 2020 నాటికి 33 లక్షలకు తగ్గింది. అమెరికా పౌరులే కాబట్టి వీసా బాధ లేదు. విమానమెక్కితే ఫ్లోరిడా! వెళ్లినవాళ్లలో మెకానిక్కులూ ఉన్నారు. ఇప్పుడు దీవిలో ఉన్న ప్యూర్టోరికన్లకన్నా అమెరికా ప్రధాన భూభాగంలో ఉన్నవాళ్లే ఎక్కువ. తమతో పాటు వాళ్లు రోటరీ మోజునూ పట్టుకెళ్లారు. ఫ్లోరిడా ట్రాకుల మీద కూడా ‘బ్రాప్ బ్రాప్’ వినిపించడానికి కారణం అదే.

మరోపక్క ఇంజినే అరుదైపోతోంది. మాజ్డా 2002లో ఆర్ఎక్స్-7ను, 2012లో ఆర్ఎక్స్-8ను ఆపేసింది. 2023లో రోటరీ మళ్లీ వచ్చింది కానీ, చక్రాలు తిప్పడానికి కాదు. ఎంఎక్స్-30 అనే విద్యుత్ కారులో బ్యాటరీని చార్జింగ్ చేసే ఒంటి రోటర్ జనరేటరుగా! పాత 13బి డొల్లలు అరిగిపోతుంటే, కంప్యూటర్ యంత్రాలతో అల్యూమినియం దిమ్మెల్ని చెక్కి కొత్తవి తయారుచేసుకుంటున్నారు రేసర్లు. గట్టిగా ఉంటాయి, ధరా అలాగే ఉంటుంది. చవకని మొదలైన ఆట ఇప్పుడు చవకైంది కాదు. అయినా వదల్లేదు వాళ్లు.

మూడు ఊపిర్లు

ఎందుకు వదలరు? జవాబు పందెం మీద కాదు, పందెం అయ్యాక కనిపిస్తుంది. పరుగు ముగిసిన కారును మెల్లగా తోసుకుంటూ తెస్తారు. గుంపు అంతా చుట్టూ మూగుతుంది. ఎవరూ గట్టిగా మాట్లాడరు. పొగగొట్టం విప్పి, ఆ రంధ్రంలోంచి టార్చిలైటు వేసి సీలును చూస్తారు. స్క్రూడ్రైవరు కొనతో మెల్లగా నొక్కుతారు. స్ప్రింగులా వెనక్కి వచ్చిందా, ప్రాణం ఉన్నట్టే.

ఇంకా అనుమానముంటే మరో పరీక్ష. స్పార్క్ ప్లగ్గు తీసేసి ఇంజిన్‌ను స్టార్టరుతో తిప్పుతారు. రోటర్‌కు మూడు ముఖాలు కదా, ఒక్కో ముఖం దాటినప్పుడు ఒక్కో ఊపిరి రావాలి. ‘ఫుస్... ఫుస్... ఫుస్’ అని మూడూ సమానంగా వినిపిస్తే ఇంజిన్ క్షేమం. ఒకటి తప్పినా, ఏడాది కష్టం పోయినట్టే. దీనికి మీటర్లున్నాయి. అయినా పాత మెకానిక్కులు చెవి దగ్గరగా పెట్టి కళ్లు మూసుకుంటారు. ఆ చెవికి విద్య ఏ కాలేజీలోనూ రాలేదు. తండ్రి పక్కన, మేనమామ పక్కన నిలబడి రెంచి అందిస్తూ వచ్చింది.

ఇంజిన్లను తయారుచేసిన కంపెనీలే చేతులెత్తేసిన విద్య అది. మిల్లు మూతపడ్డ ఊళ్లో, కరెంటు పోయిన ఇళ్లలో, మనుషులు వలసపోతున్న దీవిలో దాన్ని అట్టిపెట్టింది చేతులు మసిచేసుకున్న మామూలు జనమే. డొల్లలు కొత్తవి చెక్కుకోవచ్చు. సీళ్లు కొనుక్కోవచ్చు. ఆ మూడు ఊపిర్లు వినే చెవి మాత్రం మనిషి నుంచి మనిషికే అందాలి. పందెంలో నిజంగా ఒడ్డేది అదే.

అందుకే ఇంజిన్ పోయిన రాత్రి కూడా అక్కడ ఎవరూ తిట్టుకోరు. విరిగిన సీలు ముక్కను కుర్రాడి అరచేతిలో పెడతారు. ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో చూడమంటారు. మర్నాడు పొద్దున్నే రేకుల షెడ్డులో మళ్లీ రెంచీల చప్పుడు మొదలవుతుంది!

ఇలా వెళ్లొచ్చు

ప్యూర్టోరికో అమెరికా భూభాగం. కాబట్టి మనవాళ్లకు అమెరికా వీసా కావాలి. మనదేశం నుంచి నేరుగా విమానాల్లేవు. న్యూయార్క్, మయామీ, ఓర్లాండో లాంటి నగరాల నుంచి శాన్ హువాన్‌కు విమానాలుంటాయి. అక్కణ్నుంచి సలినాస్ 52వ నంబరు టోల్ హైవే మీద కారులో గంట, గంటంపావు ప్రయాణం. తుపాన్ల కాలం జూన్ నుంచి నవంబరు వరకు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడిగా, హాయిగా ఉంటుంది. పందేల తేదీలు ముందే కనుక్కుని వెళ్లాలి. చెవుల్లో పెట్టుకోవడానికి దూది మర్చిపోవద్దు!